ఫాంతెన్‌బ్లో బండల దగ్గర వారాంతపు క్యాంపు: వాన పడితే?

ప్రశ్న: మా క్లైంబింగ్ క్లబ్ వాళ్లం శనివారం పారిస్ గార్ ద లియోన్‌లో రైలెక్కి, బండలెక్కడానికి ఫాంతెన్‌బ్లో అడవికి వెళ్తున్నాం. టెంట్లు బండల పక్కనే వేసుకోవచ్చా? రాత్రి వాన పడితే ఆదివారం ఎక్కొచ్చా?

జవాబు: ఎక్కకండి, దయచేసి. అది ఇసుకరాయి. తడిస్తే బలం తగ్గుతుంది, పట్టుకునే రాయి అంచు విరిగితే ఇక ఆ ఎక్కే దారి పోయినట్టే. పైన పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. ఎండా గాలీ తగిలి బాగా ఆరాకే చెయ్యి వేయండి. బూట్ల ఇసుక కూడా తుడుచుకోండి, అది రాయిని అరగదీస్తుంది.

ఇంకో జవాబు: టెంట్లు అనుమతి ఉన్న చోటే. అడవిలో మంట నిషేధం. కొత్తవాళ్లుంటే పసుపు రంగు బాణాల సర్క్యూట్‌తో (బండల మీద ఒకే రంగు బాణాలతో గుర్తు పెట్టిన ఎక్కే వరుస) మొదలెట్టండి. నారింజ, నీలం, ఎరుపు ఒకదాన్ని మించి ఒకటి కష్టం. సాయంత్రం ఒంటిమీద పిడుదులున్నాయేమో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. క్యాంప్‌సైట్ బుక్ చేస్తున్నా. వానొస్తే ఆదివారం నడకే.