‘మరియు తా’నా, ‘మఱియు దా’నా?

యాత్రికుడు: బాదామి గుహల ఫోటోల కోసం ఒక పైథాన్ స్క్రిప్టు రాశాను. ఫోల్డరులోని ఫోటోలన్నిటినీ 200 పిక్సెళ్లకు కుదించి, ఒక్కో చిన్నబొమ్మకూ అసలు ఫోటో లంకె తగిలించి, హెచ్‌టీఎంఎల్ పేజీ అల్లిపెడుతుంది. మూడో గుహలోని త్రివిక్రముడిని నొక్కితే తెరంతా నిండుతాడు. ఆయన కింద పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యం, ‘ఇంతింతై వటుడింతయై మరియు తా నింతై’ అని పెట్టాను. అది ‘తా’నా, ‘దా’నా? నిద్ర పట్టడం లేదు.

శకటరేఫ: ముందు ‘మరియు’ కాదు, ‘మఱియు’. మిగతావి తరువాత.

పంతులు: ‘దా’. మఱియున్ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న పదం. దాని మీది పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) కావలసిందే.

ఛందోభిమాని: ఈ పద్యం శార్దూల వృత్తం. అందులో ‘తా’ అన్నా ‘దా’ అన్నా గురువే, దీర్ఘాక్షరమే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి, ఎలాగూ ‘నిం’ మీద ఉంది. గణాలు మీ పక్షాన సాక్ష్యం చెప్పవు మాస్టారూ. మా ఇంట్లో ‘తా నింతై’ అనే చదివేవారు.

పంతులు: అర్థం చెప్పడానికి పదం విడగొట్టి చదివి ఉంటారు నాయనా.

కోడ్‌గీత: తరువాతి పద్యంలోనూ ఒక ‘దా’ ఉంది: ‘వటుడు దా బ్రహ్మాండము న్నిండుచోన్’. అది ప్రథమావిభక్తి మీది గసడదవాదేశం, అంటే ‘త’ ‘ద’ కావడం. అది బహుళం, చేసినా మానినా సరే. అక్కడ ‘తా’ అన్నవారిని ఏమీ అనలేం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అయినా యాత్రికుడు గారూ, గ్యాలరీకి ఆ పద్యమే తగినది. సూర్యబింబం ఉన్నచోటే ఉంటుంది. వటుడు పెరిగేకొద్దీ అది గొడుగు, శిరోరత్నం, చెవి నగ అవుతూ చివరికి కాలిపీట అవుతుంది. మొత్తం తొమ్మిది. వరుసకు మూడు చొప్పున సరిపోతాయి. అన్నట్టు, కుదించే ముందు ఎగ్జిఫ్‌లోని (ఫోటోతో పాటు కెమెరా రాసిపెట్టే వివరాల్లోని) దిశను బట్టి ఫోటోను సరిచేయండి. లేకపోతే నిలువు ఫోటోలు పక్కకు ఒరిగి, త్రివిక్రముడు శేషశాయి అవుతాడు.

ఛందోభిమాని: గొడుగు సరే. మొదటి పద్యంలో వటుడు మబ్బుల తరువాత దాటే ‘ప్రభారాశి’ అంటే సూర్యుడేనా? నాకు ఎప్పుడూ అనుమానమే.

పంతులు: సూర్యుడే. పురాణాల లెక్కలో చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాల పైన. అందుకే ప్రభారాశి దాటాక ‘చంద్రునికంతయై’. పోతన మెట్టు తప్పడు.

ఛందోభిమాని: మరి ఆ పద్యంలోనే ధ్రువుడిని దాటి సత్యలోకం దాకా పెరిగినవాడికి తరువాతి పద్యంలో సూర్యుడు మళ్లీ గొడుగు ఎలా అయ్యాడు? ప్రభారాశి ఉత్త కాంతి అనుకుంటే కనీసం సూర్యుణ్ణి రెండుసార్లు దాటే పని తప్పుతుంది.

కోడ్‌గీత: అదే పెరుగుదలను రెండోసారి నేల మీద నిలబడినవాడి కంటితో చెప్పాడు. మొదటిసారి ఎత్తు కొలిచాడు, ఈసారి అలంకరించాడు. అంతేగాని సూర్యుణ్ణి రెండుసార్లు దాటించలేదు.

యాత్రికుడు: అయితే ‘దా’ అని మార్చేస్తున్నాను.

శకటరేఫ: ‘ఱ’ కూడా. మీ ఫాంటులో ఆ అక్షరం ఉందో లేదో చూసుకోండి.

ఛందోభిమాని: ఆగండి, ఇంకా ‘తోయదమండలాగ్రమున కల్లంతై’ (మబ్బుల కొసకు అల్లంతై) దగ్గరికే రాలేదు. అక్కడ అల్లంత అంటే దూరమా, ఎత్తా?