కూడవెల్లిలో ఉన్నది వెల్లియా, పల్లియా?

నల్లరేగడి: మా నాయనమ్మది కూడవెల్లి. కృష్ణలో తుంగభద్ర కలిసే చోట ఉండేది ఆ ఊరు, శ్రీశైలం నీళ్ళలో మునిగిపోయింది. "గంగా స్నానం, తుంగా పానం" అంటూ దాని వెనకే కూడవెల్లి పేరుతో ఇంకో ముక్క అనేది. ఎంత గింజుకున్నా అది గుర్తు రావట్లేదు. ఎవరికైనా వచ్చా?

ఏరువాక: ముక్క తెలీదు గానీ పేరు చూడండి, కూడు + వెల్లి, వెల్లి అంటే ప్రవాహం. రెండు ప్రవాహాలు కూడే చోటు. పాలవెల్లిలోదీ, వెల్లివిరియడంలోదీ ఇదే వెల్లి.

గసడదవ: అంత కవిత్వం అక్కర్లేదండీ, అది పల్లి. పల్లి వల్లి అయింది, అక్కడివాళ్ళ నోట వెల్లి అయింది. అలంపురం పక్కనే ఉండవెల్లి లేదూ? తాడేపల్లి దగ్గర గుహల ఊరు ఉండవల్లి. రెండూ ఒకటే పేరు. ఊరనే అర్థమున్న ప్రోలు వోలయి నిడదవోలు కాలేదా?

ఏరువాక: ఉండవెల్లి మాత్రం తుంగభద్రకు ఎంత దూరం మాస్టారూ? దుబ్బాక వైపు కూడవెల్లి వాగు ఉంది, అక్కడా నీళ్ళే. పైగా పల్లి అంత తేలిగ్గా మారిపోయేదైతే, కృష్ణ ముంచిన బొడ్డుపల్లె శ్రీనాథుడి నోట పల్లెగానే ఎందుకు మిగిలింది?

గసడదవ: పద్యంలో రూపం వేరు, ఊరివాళ్ళ నోట్లో రూపం వేరు. "కూడ" దగ్గర నాకు పేచీ లేదు. కన్నడసీమలో తుంగ, భద్ర కలిసేది కూడ్లి, మలప్రభ కృష్ణలో కలిసేది కూడలసంగమం, బసవన్న వచనాల్లో ముద్రగా వచ్చేది అక్కడి దేవుడి పేరే. పేచీ అంతా "వె" దగ్గరే.

కొండవీటి చాంతాడు: శ్రీనాథుణ్ణి తెచ్చారు కాబట్టి ఆగలేకపోతున్నా. "కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము" అంటాడు, పంటంతా ఊడ్చుకుపోయినా అమ్మా అనే పిలుపు వదల్లేదు మహానుభావుడు. ఆ తర్వాతే కదా ఏడునూర్ల టంకాల శిస్తు ఎలా కట్టేదని ఏడుపు. ఇంతకీ అదే పద్యంలోని "బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి"లో గొడ్డునేల ఏరుకున్నాడా, గొడ్డు ఏరు కట్టాడా?

చౌరస్తా బస్సు: నల్లరేగడి గారూ, ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే బయటపడే వేపలింగం ఉన్న సంగమేశ్వరం గుడి కర్నూలు వైపుది, దానితో కలిపేయకండి. మీ ఊరి సంగమేశ్వరాలయం బాదామి చాళుక్యుల నాటిది, 7వ శతాబ్దం. ముంపుకు ముందు రాళ్ళకు నంబర్లు వేసి, విప్పి, అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. ఊరికి ఆ భాగ్యం లేదు. 1981లో సుమారు వంద ఊళ్ళను బలవంతంగా ఖాళీ చేయించారు. ఇంటికో ఉద్యోగమని 1986లో 98వ జీవో వస్తే, దాన్ని పట్టుకుని జనం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. మీ నాయనమ్మ ముక్క తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పునరావాస కాలనీల్లోనే ఉంటారు, అక్కడ అడగండి. నిఘంటువుల్లో దొరకదు.

గసడదవ: మంచి మాట. నది దాటితే కర్నూలు, అదీ కందనవోలే, చూశారా ప్రోలు వోలయింది. అలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లు నది దాటబోయే ముందు ఇరుసులకు కందెన పెట్టుకునేది అక్కడేనట.

ఏరువాక: బండి కందెన కథ మీకు చెల్లినప్పుడు నా పాలవెల్లి ఏం పాపం చేసింది?

కొండవీటి చాంతాడు: గొడ్డేరి సంగతి ఎవరూ తేల్చరేం?