చత్వారానికి ఆపరేషన్ చేయించుకోవచ్చా?

కావలి_కుట్టుమిషను: నాకు 45. ఏడాదిగా సూదిలో దారం ఎక్కడం లేదు. నల్ల జాకెట్‌కి నల్ల దారంతో హుక్కు కుట్టాలంటే గుమ్మం దాకా పోయి వెలుతురుకి పట్టుకోవాల్సి వస్తుండాది. దూరం చూపు శుభ్రంగా ఉంది. నెల్లూరులో ఒక ఆస్పత్రిలో చూపిస్తే, రెండు కళ్ళకీ లెన్సులు మార్చేస్తాం, ఇంక జన్మలో అద్దాలు అక్కర్లేదు అన్నారు. చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. అద్దాలు పెట్టుకో అని మాత్రం చెప్పబాకండి.

ఒంగోలు_మాస్టారు: అద్దాలు పెట్టుకోండమ్మా. చత్వారం జబ్బు కాదు. కంట్లో లెన్సు వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువుకి తగ్గట్టు ఉబ్బలేకపోతుంది, అంతే. నలభై దాటాక ఇంచుమించు అందరికీ వచ్చేదే. దానికి కంట్లో కత్తి ఎందుకు?

సింగరాయకొండ_శీను: బస్టాండులో 150 రూపాయలకి జోడు దొరుకుద్ది. లక్షలెందుకు అక్కా.

కళ్ళజోళ్ళ_అంగడి: శీనూ, ఆ జోడులో రెండు కళ్ళకీ ఒకటే పవరు. అందరి కళ్ళూ అట్టా ఉండవు. తేడా ఉంటే తలనొప్పి ఖాయం.

సింగరాయకొండ_శీను: మా నాన్న పదేళ్ళుగా అదే పెట్టుకుంటుండాడు. కళ్ళేం పోలేదే. నీ అంగడి నడవాలి గదా, అందుకే చెప్తుండావ్.

కళ్ళజోళ్ళ_అంగడి: కళ్ళు పోతాయని నేను అన్నానా? పరీక్ష లేకుండా జోడు కొంటే నీటికాసులు, షుగరు వల్ల వచ్చే కంటి జబ్బు బయటపడవు. నా దగ్గరే కొనమని చెప్పలా. పరీక్ష చేయించుకోమంటున్నా.

రొయ్యల_గుంట: అమ్మా, నేను చేయించుకున్నా. 51లో, రెండు కళ్ళకీ మల్టీఫోకల్ లెన్సులు, అంటే దగ్గరిదీ దూరందీ రెండూ చూపించేవి. పగలు పేపరు అద్దాల్లేకుండానే చదువుతా, అబద్ధం చెప్పను. రాత్రి రొయ్యల గుంటలో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసొద్దామని గట్టు మీదకి పోతే, ప్రతి లైటు చుట్టూ చందమామకి వరదగుడి కట్టినట్టు కనపడుతుండాది. ఎదురుగా లారీ వస్తే బండి పక్కకి ఆపేస్తా. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, కాగితంలో రాసి ఉంది, మీరు సంతకం పెట్టారు అన్నారు. ఆ కాగితం చిన్న అక్షరాల్లో ఉంది. చదవలేకనే గదయ్యా నేను పోయింది!

ఒంగోలు_మాస్టారు: విన్నారా! శుక్లం వచ్చాక ఎలాగూ లెన్సు మారుస్తారు, అప్పుడు ఆలోచించుకోవచ్చు. శుక్లం లేని లెన్సు ఒకసారి తీస్తే మళ్ళీ పెట్టేది లేదు.

పామూరు_పిల్ల: చుక్కల మందు వచ్చిందిగా? టీవీలో చూపించారు.

కళ్ళజోళ్ళ_అంగడి: అది పైలోకార్పిన్. కంటిపాప చిన్నదైతే దగ్గరిది కాస్త తేటగా కనపడుద్ది. కొన్ని గంటలే. సందెచీకట్లో ఇంకా మసక, కొందరికి తలనొప్పి. అమెరికాలో ఆ మందుకి 2021లో అనుమతి వచ్చింది. మన దేశంలో 2024 ఆగస్టులో ఒకటి వచ్చిందని ఊదరగొట్టారు. ప్రచారం శృతి మించిందని సెప్టెంబరులోనే కేంద్రం దాని అనుమతి ఆపింది.

సింగరాయకొండ_శీను: 150 రూపాయల సంగతి దాటేశావ్ చూశావా.

ఒంగోలు_మాస్టారు: నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. మా నాన్నగారు కంసాలి పని చేసేవారు. అద్దాలు అలవాటైతే కళ్ళు ఇంకా పాడవుతాయని ఎవరో చెప్పారు. అది శుద్ధ అబద్ధం. అద్దాలు పెట్టినా పెట్టకపోయినా చత్వారం దాని దారిన అది పెరుగుతుంది. ఆయన నమ్మి, 47 ఏళ్ళకే కుంపటి ఆర్పేశారు. అస్సాంలో నలభై దాటిన తేయాకు కూలీలకి దగ్గరచూపు అద్దాలిచ్చి చూస్తే, ఇవ్వని వాళ్ళకంటే పని దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో తేలింది. చదువుకున్నవాళ్ళు కూడా మొండికేస్తే ఎలా?

కావలి_కుట్టుమిషను: మాస్టారూ, అద్దాలు పెట్టుకుంటే కనపడుద్దని నాకు తెలీదా? మా ఆయన జోడు పెట్టుకోని చూశా, దారం ఒక్కసారికే ఎక్కింది. ఆ రోజే పెళ్ళి జాకెట్లు ఇచ్చేదానికి ఒకామె వచ్చింది. "అయ్యో, అప్పుడే కళ్ళద్దాలా? మగ్గం వర్కు గదా, వేరే చోట ఇస్తాలే" అని మూట ఎత్తుకోని పోయింది. ఎదురంగడిలో ఇరవై ఆరేళ్ళ పిల్లోడు కుడుతుండాడు. ఆరు జాకెట్లు, మాస్టారూ. అందుకే ఆపరేషన్ అడిగింది. మీరంతా కళ్ళ గురించి చెప్తుండారు, ఆ ఆరు జాకెట్ల సంగతి ఒక్కరూ అడగలా.

రొయ్యల_గుంట: ఈ మాట ముందే చెప్పాల్సింది తల్లీ.

ఒంగోలు_మాస్టారు: పొరపాటు నాదేనమ్మా. మొదటి పోస్టులోనే వద్దన్నారు, నేను ఆగి ఎందుకని అడగలేదు.

పామూరు_పిల్ల: కాంటాక్ట్ లెన్సు ఒక్క కంటికే పెట్టి చూడొచ్చంట గదా?

కళ్ళజోళ్ళ_అంగడి: పెట్టొచ్చు. ఒక కన్ను దగ్గరికి, ఒక కన్ను దూరానికి. పడకపోతే తీసేయొచ్చు, ఆపరేషన్‌లా కాదు. కాకపోతే సూది మొన ఎంత లోతులో ఉందో రెండు కళ్ళూ కలిస్తేనే సరిగ్గా తెలుస్తుంది. పూసల పనికి ఇబ్బంది పడొచ్చు. రెండు కళ్ళకీ మల్టీఫోకల్ కాంటాక్టులూ ఉన్నాయి, డాక్టరు దగ్గర వేసి చూపించమను. ఏదైనా ముందు మిషను మీద మామూలుగా కూర్చో, కంటికీ సూదికీ ఎంత దూరమో నీ టేపుతోనే కొలిపించుకో. పరీక్షకి పోయినప్పుడు ఆ లెక్క చెప్పు.

కావలి_కుట్టుమిషను: కొలిపించా. పదిహేను అంగుళాలు. సోమవారం పోతా, నల్ల జాకెట్, సూది, దారం సంచిలో వేసుకోని. ఆ కాంటాక్టు వేసినాక అక్కడే హుక్కు కుట్టి చూస్తా. కుదరకపోతే మా ఆయన జోడే దిక్కు, తలుపేసుకోని కుట్టుకుంటా.

సింగరాయకొండ_శీను: ఇంతకీ 150 రూపాయల జోడుకి ఏం తక్కువో ఎవరూ చెప్పలా.