గట్టు మలుపులో బండి ప్రతిసారీ కుడివైపుకే పడిపోతోంది

గట్టుమీద ఇల్లు (ఆదివారం, మధ్యాహ్నం 1:10)
అందరికీ నమస్కారం. ఈ రోజు ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టి పదకొండు దాటేవరకు మా ఊరి రైసు మిల్లు కళ్ళంలో బండి తిప్పడం సాధన చేశాను. ఐదు గంటల్లో మూడుసార్లు పడేశాను, మూడుసార్లూ కుడివైపుకే పడింది. రావులపాలెం దాకా హైవే మీద వెళ్ళివస్తే ఏ ఇబ్బందీ ఉండదు, ఎనభైలో కూడా రాయిలాగా నిలకడగా పోతుంది. కాలువ గట్టు మీద నుంచి మా ఇంటికి దిగే తూము వంతెన దగ్గర మెల్లగా కుడివైపుకు తిప్పబోతే మాత్రం ఎవరో పక్కకు లాగినట్టు ఒరిగిపోతుంది. పట్నంలో ఒక మెకానిక్‌కు చూపిస్తే, హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) పోయిందని చెప్పి కొత్తది వేసి డబ్బు తీసుకున్నాడు. ఆ తరువాత బాధ తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. బండిలోనే ఏదో వంకర ఉందని నా అనుమానం. దయచేసి సరైన కారణం చెప్పండి. మోకాలు వాచి ఉంది కాబట్టి, ముందు నడక నేర్చుకోమనే సలహాలు మాత్రం వద్దు.

రెండే ముక్కలు (ఆదివారం, మధ్యాహ్నం 1:22)
ఏ బండి? మీ ఎత్తు ఎంత?

నాలుగు గేర్లు (ఆదివారం, మధ్యాహ్నం 2:05)
ఎనభైలో రాయిలాగా పోతుందన్నారంటే బుల్లెటే అయి ఉంటుంది. ఈ కాలపు బండ్ల సంగతి నేను చెప్పను గాని, మా పాత బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. గేర్లు నాలుగే. న్యూట్రల్ వెతుక్కోవడానికి మడమతో నొక్కే చిన్న మీట ఒకటి వేరుగా ఉండేది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచి ఆ పద్ధతే సాగింది. ఆ బండి మీద నేర్చుకున్నవాడికి మెల్లగా నడపడం అనేది ప్రత్యేకంగా నేర్చుకోవలసిన విద్య కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కించి నరసాపురం వైపు దింపడం నాలుగుసార్లు చేస్తే చాలు. తడిసిన పలకల మీద, ముందు ఒక మేకల మంద, వెనుక ఒక కొబ్బరికాయల ఆటో ఉండగా, కాళ్ళు నేలకు ఈడ్చకుండా ఎక్కించిన వాడే బండి వచ్చినవాడు. రెండు కాళ్ళూ తెడ్లలాగా వేసుకుంటూ ఎక్కేవాడిని పంటు సరంగు కూడా నమ్మడు. ఈ రోజుల్లో బటన్ నొక్కితే లేచే బండ్లు వచ్చి మనుషులు సుకుమారులైపోయారు.

గట్టుమీద ఇల్లు (ఆదివారం, మధ్యాహ్నం 2:40)
రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. కొని నెల అయింది. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. పాత బండి గొప్పదనం నేను కాదనడం లేదండి, కాని ఇంట్లో ఉన్నది ఇది.

స్పానర్ (ఆదివారం, సాయంత్రం 4:15)
కోన్‌సెట్ మార్చిన తరువాత ఎక్కువైంది అన్నారు కదా, అక్కడే ఒక చిక్కు కనబడుతోంది. కొత్త కోన్‌సెట్‌ను ఎక్కువ బిగిస్తే హ్యాండిల్ తనంతట తాను తిరగదు. నెమ్మదిగా పోయేటప్పుడు బండి నిలబడేది, ముందు చక్రం క్షణక్షణం అటూ ఇటూ కొద్దిగా తిరిగి బరువు కిందకు చేరుకోవడం వల్లనే. ఆ తిరుగుడు పట్టేసినప్పుడు బండి పాములాగా పోతుంది, వేగం పెరిగాక ఆ లోపం అంతగా తెలియదు. సెంటర్ స్టాండు వేసి, వెనుక సీటు మీద ఒకరిని కూర్చోబెట్టి, ముందు చక్రాన్ని నేలకు తగలకుండా లేపండి. హ్యాండిల్‌ను నడిమధ్య నుంచి వేలితో కొద్దిగా తోసి వదిలితే, రెండు వైపులా చివరిదాకా దానంతట అదే పడిపోవాలి. మధ్యలో ఆగినా, గరగరలాడినా, వేసిన చోటికే తీసుకువెళ్ళి వదులు చేయించండి. ముందు టైరులో గాలి కూడా చూడండి, తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది. ఇక సాధన సంగతి. మెల్లగా తిప్పేటప్పుడు హాఫ్ క్లచ్‌లో ఉంచి, వెనుక బ్రేకు కొద్దిగా తొక్కి పట్టుకోవాలి.

గట్టుమీద ఇల్లు (ఆదివారం, సాయంత్రం 4:50)
హాఫ్ క్లచ్‌లోనే ఉంచుతున్నాను. మీటను సరిగ్గా సగం దాకా లాగి పట్టుకుంటున్నాను. అయినా ఇంజిను ఊరికే అరుస్తుంది గాని బండి కదలదు, ఇంకొంచెం వదలగానే గంతు వేస్తుంది.

తెలుగు మాట (ఆదివారం, సాయంత్రం 5:30)
ఇబ్బంది అంతా ఆ మాటలోనే ఉంది. సగం అన్నది మీటకు సంబంధించిన కొలత కాదు. ఇంజిను తిప్పుడు చక్రానికి కొద్దికొద్దిగా అందే స్థితిని అలా అంటున్నారు. అది ఒక బండిలో మీట పావువంతు వదిలినప్పుడే రావచ్చు, మరొక బండిలో ముప్పావు వదిలితే గాని రాకపోవచ్చు. మా తాతగారి కాలపు లారీ డ్రైవర్లు ‘క్లచ్ అందుకుంది’ అనేవారు. ఆ మాట ఎంత సరిగ్గా ఉందో చూడండి. దానిని వదిలేసి సగం సగం అంటూ ఉంటే కొత్తవాళ్ళు వేళ్ళతో కొలుచుకుంటూ కూర్చుంటారు.

స్పానర్ (ఆదివారం, సాయంత్రం 5:41)
షెడ్డులో అందరూ హాఫ్ క్లచ్ అనే అంటారు, అందరికీ అర్థమవుతుంది.

తెలుగు మాట (ఆదివారం, సాయంత్రం 5:48)
అడిగిన ఆయనకు అర్థం కాలేదు కదా.

స్పానర్ (ఆదివారం, సాయంత్రం 6:02)
సరే, అందుకునే చోటే అనుకోండి. అది మీట మరీ చివర్లో వస్తూ ఉంటే కేబుల్ బిగుతు చూడాలి, మీట దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట (వదులు) మాత్రం ఉండాలి.

నాలుగు గేర్లు (ఆదివారం, రాత్రి 7:20)
క్లచ్‌ను అలా అందీ అందకుండా పట్టుకుని నడపమని చెప్పడం తప్పు. ప్లేట్లు మాడిపోతాయి. మా బావమరిది కారు సంవత్సరం తిరగకుండానే షెడ్డుకు పోయింది.

స్పానర్ (ఆదివారం, రాత్రి 7:35)
కారు క్లచ్ పొడిది, ఈ బండి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. వేడిని ఆయిల్ లాగేసుకుంటుంది. కళ్ళంలో పది నిమిషాలు సాధన చేసి, రెండు నిమిషాలు ఆపి, మళ్ళీ చేస్తే ఏమీ కాదు. మిగిలిపోయింది కదా అని కారు ఆయిల్ మాత్రం పోయకండి, ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎమ్ఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) అని ఉన్నదే కొనండి.

దాళ్వా రైతు (సోమవారం, ఉదయం 6:10)
గట్టు రోడ్డు అంటున్నారు కాబట్టి ఒక మాట. కోతల రోజుల్లో మీ తూము వంతెన దగ్గర రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజల మీద హ్యాండిల్ తిప్పి ముందు బ్రేకు తాకితే ఎంతటి మొనగాడైనా పడతాడు. నిటారుగా పోనిచ్చి, గింజలు దాటాక తిప్పుకోవాలి.

రెండే ముక్కలు (సోమవారం, ఉదయం 7:00)
రోడ్డు మీద ఆరబోయడమే తప్పు.

దాళ్వా రైతు (సోమవారం, ఉదయం 7:25)
తప్పే. కళ్ళాలన్నీ ఇళ్ళ స్థలాలుగానో రొయ్యల చెరువులుగానో మారిపోయాక, తేమ ఎక్కువుందని మిల్లువారు బస్తా వెనక్కు పంపితే, మీ మేడ మీద ఆరబోసుకోనిస్తారా? బరకాలు రోడ్డుకు ఒక పక్కనే వేస్తాం, రాళ్ళు కూడా పెడతాం. బండి వాళ్ళు కూడా కాస్త చూసుకోవాలి.

ఐదడుగుల రైడరు (సోమవారం, రాత్రి 9:15)
అందరూ బండిని అడుగుతున్నారు గాని మనిషిని అడగడం లేదు. గట్టుమీద ఇల్లు గారూ, ఈ బండికి ముందు మీరు ఏది నడిపేవారు?

గట్టుమీద ఇల్లు (సోమవారం, రాత్రి 9:32)
దానికీ దీనికీ సంబంధం ఏముందండి? పదకొండేళ్ళుగా గేర్లు లేని స్కూటరే. అమలాపురం సంత రోజున కూడా కాలు కింద పెట్టకుండా నడిపాను.

రెండే ముక్కలు (సోమవారం, రాత్రి 9:36)
లైసెన్సులో గేరు బండి ఉందా?

ఐదడుగుల రైడరు (సోమవారం, రాత్రి 10:20)
సంబంధమంతా అక్కడే ఉంది. నేను కూడా తొమ్మిదేళ్ళు స్కూటరు నడిపి, ఆ తరువాత మీటియర్ (మీ కంపెనీదే ఇంకో గేరు బండి) కొనుక్కున్నదాన్ని. మొదటి నెలలో మా వీధి చివర రెండుసార్లు పడ్డాను కాబట్టి మీ బాధ నాకు తెలుసు.

స్కూటరు మీద ఎడమచేతి మీట బ్రేకు. భయం వేసినప్పుడు ఎడమచెయ్యి బిగించడం మీ వేళ్ళకు పదకొండేళ్ళ అలవాటు. ఈ బండి మీద అదే మీట క్లచ్. మలుపులో బండి ఒరగగానే మీకు తెలియకుండానే ఎడమచెయ్యి బిగుస్తుంది, చక్రానికి ఇంజిను లాగుడు తెగిపోతుంది. ఒరిగిన బండిని పైకి లేపేది ఆ లాగుడే. అది పోయిన క్షణంలో నూట తొంభై ఐదు కిలోల ఇనుము అటే వాలుతుంది. వేగం తగ్గలేదేమిటి అని కంగారుపడి కుడిచేతి మీట కూడా నొక్కుతారు. అది ముందు బ్రేకు. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు చక్రం ఆగిపోతే, తిరిగిన వైపుకే బండి పడుతుంది. స్కూటరు మీద కుడికాలికి పని లేదు కాబట్టి, అసలు అవసరమైన వెనుక బ్రేకు మీకు గుర్తే రాదు.

కుడివైపుకే ఎందుకు అంటే, హ్యాండిల్‌ను కుడివైపు చివరిదాకా తిప్పినప్పుడు ఎడమ పిడి మీకు దూరంగా పోతుంది. మనలాంటి పొట్టివాళ్ళకు చెయ్యి చాచుకుపోయి, వేళ్ళు మీటను మెత్తగా వదలలేవు, లాగడమే చేస్తాయి. పైగా గట్టు రోడ్డు అంచు కిందకు వాలి ఉంటుంది. కుడికాలు పెట్టబోతే అక్కడ నేల ఉండదు. ఈసారి కుడివైపు తిరిగేటప్పుడు సీటు మీద ఎడమవైపుకు, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. బండి లోపలికి ఒరుగుతుంది, మీరు బయటివైపు ఉంటారు. ఎడమచెయ్యికి అందుబాటు కూడా పెరుగుతుంది.

సాధన వెంటనే మలుపుతో మొదలుపెట్టకండి. మొదటి గేరులో యాక్సిలరేటర్ తాకకుండా క్లచ్ పూర్తిగా వదిలేస్తే, మీ బండి వడివడిగా నడిచే మనిషితో సమానంగా తనంతట తాను పోతుంది. ముందు అది నమ్మండి. తరువాత యాక్సిలరేటర్‌ను కొద్దిగా ఇచ్చి అక్కడే ఉంచి, ఇక ముట్టుకోకుండా, క్లచ్ అందుకునే చోట వేళ్ళను మిల్లీమీటరు అటూ ఇటూ ఆడిస్తూ, కుడికాలితో వెనుక బ్రేకును కొద్దిగా ఆనించి, తిన్నగా ఇరవై అడుగులు వీలైనంత మెల్లగా పోండి. బడిలో స్లో సైకిల్ పందెం ఆడే ఉంటారు, చివర వచ్చినవాడే గెలిచినట్టు. ఇదీ అంతే. బ్రేకు ఆనించి ఉంటే చైను బిగుతుగా ఉంటుంది, గంతులు తగ్గుతాయి. కుడిచేతి వేళ్ళు నాలుగూ పిడి చుట్టూనే ఉండాలి, ముందు బ్రేకు మీట మీద ఒక్క వేలు కూడా వద్దు. నేను రెండు రోజులు ఇదే చేసి, మూడో రోజు కొబ్బరి డొక్కలు గుర్తులుగా పెట్టుకుని ఎనిమిది అంకె వేశాను. డొక్క మీదకు ఎక్కినా బండికి ఏమీ కాదు, ఇటుక పెడితే మీదే బాధ్యత. చూపు డొక్క మీద ఉంటే డొక్క మీదకే పోతారు. కాబట్టి తల తిప్పి, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడికి చూడాలి. మీ వంతెన దగ్గర మీరు కాలువలోకి చూస్తున్నారని పందెం వేస్తాను.

ఒకటి మాత్రం మరిచిపోకండి. బండి ఒక స్థాయి దాటి ఒరిగాక కాలితో ఆపబోకండి, వదిలేసి పక్కకు దిగిపోండి. మోకాలు వాచింది దానికే అయి ఉంటుంది.

నాలుగు గేర్లు (సోమవారం, రాత్రి 10:48)
పడిన బండిని ఎత్తడం కూడా చెప్పాలి కదమ్మా. తాళం ఆపి, కుడివైపు పడితే ముందుగా సైడు స్టాండు తీసి ఉంచి, గేరులో వేసి, బండికి వీపు ఆనించి గొంతుకూర్చుని, ఒక చెయ్యి హ్యాండిల్ పిడికి, ఇంకొకటి సీటు కింది కడ్డీకి వేసి, కాళ్ళ బలంతో వెనక్కు నడుస్తూ లేపాలి. నడుముతో లేపినవాడు మంచం ఎక్కుతాడు. పంటు మీద నేను ఒక్కడినే లేపాను.

తెలుగు మాట (మంగళవారం, ఉదయం 8:30)
అంటే పంటు మీద మీరూ పడేశారన్నమాట.

నాలుగు గేర్లు (మంగళవారం, ఉదయం 8:44)
వేరేవాళ్ళ బండి.

గట్టుమీద ఇల్లు (పదకొండు రోజుల తరువాత, రాత్రి 8:05)
ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆయ్, ఇప్పుడు వంతెన దిగుతున్నానండి, వారం రోజులుగా పడలేదు. ధన్యవాదాలు. కుడి ఫుట్‌రెస్టు వంగిపోయి ఉంది, వేడి చేసి సరిచేయించవచ్చా, కొత్తదే వేయించాలా?

స్పానర్ (పదకొండు రోజుల తరువాత, రాత్రి 8:20)
కొత్తది వేయించండి. ముందు ఇది చెప్పండి, కోన్‌సెట్ వదులు చేయించారా, లేక సాధనతోనే సరిపోయిందా?

రెండే ముక్కలు (పన్నెండు రోజుల తరువాత, ఉదయం 7:15)
లైసెన్సు సంగతి కూడా.