ఫోన్ వీడియోలో మాట వెనకబడుతోంది

ప్రశ్న: ఫోన్‌లో తీసిన 40 నిమిషాల వీడియోని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌లో వేశాను. మొదట్లో పెదాలకీ మాటకీ సరిపోతోంది, చివరికొచ్చేసరికి అర సెకను తేడా. ప్లేయర్‌లో మాత్రం బాగానే ఉంది. ఏం చేయాలండీ?

జవాబు 1: తేడా పోనుపోను పెరుగుతోందంటే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఫ్రేముల సంఖ్య మారుతూ ఉండటం) అయ్యుంటుంది. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 'ఫ్రేమ్ రేట్ మోడ్' చూడండి. వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు సెకనుకి 30 ఫ్రేముల నుంచి 24కి దిగిపోతాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో అన్నీ సమానమనుకుని లెక్కేస్తుంది. వీడియోల్ని మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌కెళ్లి ఫ్రేమ్ రేట్ 30, 'కాన్‌స్టంట్' పెట్టి, ఆర్‌ఎఫ్ (నాణ్యత సెట్టింగ్) 18తో మార్చండి.

ప్రశ్న అడిగినవారు: వేరియబులే అని ఉంది. కానీ సగం కట్స్ అయిపోయాయి!

జవాబు 2: కొత్త ఫైల్‌ని రీలింక్ చేయండి, అంటే టైమ్‌లైన్‌లో పాత ఫైల్ బదులు దీన్ని చూపించండి. కట్స్ కొన్ని ఫ్రేములు అటూ ఇటూ జరుగుతాయి, ఒక్కోటీ చూసుకోక తప్పదు. ఆడియోని ముక్కలుగా కోసి జరపడం మాత్రం వద్దు, ఆ పని తెమలదు.