లినక్స్ ఇన్‌స్టాలర్‌ను సులువు చేసే పనికి వాలంటీర్లు నిలబడాలంటే?

అమీర్‌పేట_లినక్స్
2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది. విండోస్ 11కు కావాల్సిన టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ లేని పాత లాప్‌టాప్‌లు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ మెషీన్లు పట్టుకుని లినక్స్ వేయించుకోవడానికి మా ఆదివారం శిబిరానికి వస్తున్నారు. వేసిపెట్టే వాలంటీర్లకు కొదవ లేదు. ఇన్‌స్టాలర్‌నే సులువు చేద్దామంటే మాత్రం రెండో వారానికి ఎవరూ మిగలడం లేదు. ఇప్పుడు ఎనిమిది మంది బీటెక్ పిల్లలు ముందుకొచ్చారు. పైథాన్ బాగా వచ్చు, సీ ప్లస్ ప్లస్ అంతంతమాత్రం. పూర్తిగా తెలుగులో కొత్త ఇన్‌స్టాలర్ రాద్దామంటున్నారు. అది సరైన దారేనా? వాళ్లను ఎలా నిలుపుకోవాలి?

తార్నాక_కెర్నల్
కొత్తది వద్దండీ. తెరలు గీయడం తేలికే, ప్రమాదమంతా డిస్క్‌ను భాగాలు చేసే పార్టిషన్ కోడ్‌లో ఉంది. అక్కడ ఒక్క తప్పు జరిగితే అవతలివాళ్ల ఫొటోలు, టాలీ డేటా పోతాయి. లుబుంటు, మంజారో, డెబియన్ లైవ్ ఇమేజీలు (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేవి) వాడే కాలమారిస్ అనే ఇన్‌స్టాలర్ ఉండగా ఆ బరువు పిల్లల మీద పెట్టకండి.

జనం ఎక్కువగా ఇరుక్కునేది ఇన్‌స్టాలర్ తెరవక ముందున్న పనుల్లోనే. అందుకే వాళ్లతో చిన్న "ముందస్తు తనిఖీ" ప్రోగ్రాం రాయించండి. కాలమారిస్‌లో పైథాన్ మాడ్యూళ్లు "ఇన్‌స్టాల్" నొక్కాకే నడుస్తాయి. అంతకు ముందు కనిపించే పేజీ కావాలంటే సీ ప్లస్ ప్లస్ తప్పదు. కాబట్టి విడి ప్రోగ్రాంగా రాసి, లైవ్ డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాలర్ ఐకాన్ స్థానంలో దాన్ని పెట్టండి. అన్నీ సరిగ్గా ఉంటే అదే కాలమారిస్‌ను తెరుస్తుంది.

మొదట చూడాల్సింది బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే ఎన్‌క్రిప్షన్ తాళం. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది, ఓనర్‌కు ఆ సంగతే తెలియదు. లైవ్ సెషన్‌లో బ్లాక్ డివైస్‌ల (డిస్క్‌లు, పార్టిషన్ల) జాబితా అడిగితే ఆ పార్టిషన్ ఫైల్‌సిస్టమ్ రకం బిట్‌లాకర్ అని వస్తుంది. అది కనిపిస్తే ప్రోగ్రాం అక్కడే ఆగాలి. "విండోస్‌లోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఎన్‌క్రిప్షన్ ఆపండి, డీక్రిప్షన్ పూర్తయ్యాక మళ్లీ రండి" అని చెప్పాలి.

ఇక డిస్కే కనబడకపోవడం. డిస్క్‌ను ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ మోడ్ ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) లినక్స్‌కు కనబడకపోవచ్చు. బయోస్‌లో మామూలు ఏహెచ్‌సీఐ మోడ్‌కి మార్చమని ఊరికే చెప్పేస్తే విండోస్ బూట్ కాకుండా పోతుంది. ముందు విండోస్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయాలి, అప్పుడే బయోస్‌లో మార్చాలి. విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేయాలి. ఈ వరుస తప్పకూడదు. బిట్‌లాకర్ ఉంటే ఈ మార్పుకే రికవరీ కీ అడగొచ్చు కాబట్టి ఆ తనిఖీ ముందుండాలి.

ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పార్టిషన్ (ఎన్‌టీఎఫ్‌ఎస్) సగం నిద్రలో ఉండి సైజు తగ్గకపోవడం, బ్యాటరీ చార్జ్, ఖాళీ స్థలం లాంటివి తర్వాత చేర్చుకోవచ్చు.

అమీర్‌పేట_లినక్స్
చాలా ఉపయోగపడింది. పిల్లల సొంత లాప్‌టాప్‌ల మీద పరీక్షించనివ్వను. బిట్‌లాకర్ డిస్క్ ఎక్కడ తేవాలి?

తార్నాక_కెర్నల్
వర్చువల్ మెషీన్లు నడిపే వర్ట్ మేనేజర్‌లో యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) ఎంచుకుని, 4 జీబీ ర్యామ్, 25 జీబీ వర్చువల్ డిస్క్‌తో ఒక మెషీన్ చేయండి. లినక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ చూసే క్రిప్ట్‌సెటప్ టూల్ బిట్‌లాకర్‌ను తెరవగలదు గానీ సృష్టించలేదు. అయితే దాని సోర్స్ కోడ్‌లోని టెస్టుల్లో చిన్న బిట్‌లాకర్ ఇమేజీలు ఉంటాయి, గుర్తింపు పరీక్షకు అవి సరిపోతాయి. ఆర్‌ఎస్‌టీ సంగతి మాత్రం వర్చువల్ మెషీన్‌లో తేలదు, నిజం లాప్‌టాప్ ఒకటి కావాలి.

చిక్కడపల్లి_లిపి
తెలుగు గురించి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు గ్రాఫికల్ రూపంలోనే వస్తుంది. ఒత్తులు, గుణింతాలు కలిపి చూపే శక్తి టెక్స్ట్ కన్సోల్‌కు (గ్రాఫిక్స్ లేని నల్ల తెరకు) లేదు. కాబట్టి ఎర్రర్ సందేశాలేవీ కన్సోల్‌కు వదిలేయకండి.

కీబోర్డ్ దగ్గర పెద్ద గొయ్యి ఉంది. తెలుగు లేఅవుట్ మొదటిదిగా పెట్టి పాస్‌వర్డ్ కొట్టించారనుకోండి, లాగిన్ తెర ఇంగ్లిష్ లేఅవుట్‌తో తెరుచుకుంటే మనిషి బయటే ఉండిపోతాడు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఆ పాస్‌వర్డ్‌ను గ్రబ్ (లినక్స్‌ను లేపే బూట్ ప్రోగ్రాం) అడిగే ఏర్పాటైతే, మామూలుగా అక్కడ అమెరికన్ లేఅవుటే ఉంటుంది. ఇంగ్లిష్ మొదట, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్) తెలుగు రెండోది అనే డిఫాల్ట్ పెట్టండి. పూర్తి పేరు తెలుగులో రాయనివ్వండి, లాగిన్ పేరు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో అడగండి.

అనువాదంలో "విభజన" అని రాస్తే ఎవరికీ ఎక్కదు, "పార్టిషన్" అనే ఉంచండి. "డిస్క్ తుడిచివేయి" అని ఊరుకోకుండా "ఈ డిస్క్‌లోని విండోస్, ఫైళ్లు అన్నీ పోతాయి" అని రాయాలి. తెలుగులో క్రియ చివరికొస్తుంది. ఇంగ్లిష్ వాక్యాన్ని ముక్కలుగా కోసి కోడ్‌లో అతికించిన చోట మన వాక్యం విరిగిపోతుంది. అలాంటి చోట్లను బగ్‌గా నమోదు చేయడం మంచి తొలి పని, ఇతర భాషలవాళ్లకూ మేలు. ఎత్తు బిగించేసిన బటన్లలో కింది ఒత్తులు తెగుతాయి, స్క్రీన్‌షాట్ తీసి జత చేయండి.

ఉప్పల్_వాలంటీర్
నిలుపుకోవడం గురించి అడిగారు కదా. "ఇన్‌స్టాలర్ బాగు చేద్దాం" అంటే ఎవరికీ పని అప్పగించినట్టు కాదు. "బ్యాటరీ చార్జర్ పెట్టారో లేదో చూసే ఫంక్షన్, దానికొక టెస్ట్, తెలుగు సందేశం" అంటే అది ఒక ఆదివారంలో తెగే పని. తొలి ప్యాచ్‌కు (పంపిన కోడ్ మార్పుకు) మూడు రోజుల్లో ఎవరో ఒకరు జవాబివ్వాలి. వారాల మౌనం కుర్రాళ్ల ఉత్సాహాన్ని చంపేస్తుంది. కాలమారిస్ లాంటి అసలు ప్రాజెక్టుకు పంపేముందు మీలోనే ఒకరు చదవండి, ఎనిమిది ప్యాచ్‌లు ఒక్కసారే గుమ్మరించకండి. అక్కడ కోడ్ చూసేవాళ్లూ మనలాగే తీరిక సమయంలో చేస్తున్నారు.

కోడ్ రానివాళ్లను వదులుకోవద్దు. ఎప్పుడూ లినక్స్ వేయని ఐదుగురిని కూర్చోబెట్టి, పక్కన ఒక వాలంటీర్ కాగితంతో ఉండాలి. మౌస్ ఎక్కడ ఆగింది, ఏ మాట రెండోసారి చదివారు, ఏం అడిగారు అన్నవి రాసుకోవాలి. మౌస్ లాక్కుని చేసి చూపించకూడదు, అది మనవాళ్లకు చాలా కష్టం. ఆ కాగితాలే వచ్చే ఆదివారం పనుల జాబితా. ఏ సందేశం మారిందో దాని కింద కోడ్ రాసినవాళ్లతోపాటు చూసి రాసుకున్నవాళ్ల పేరూ కమిట్‌లో (కోడ్ మార్పు రికార్డులో) వేయండి.

ఇంకోటి, విండోస్ పక్కన లినక్స్ ఉంటే గడియారం ఐదున్నర గంటలు తేడా చూపించొచ్చు. విండోస్ మదర్‌బోర్డ్ గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్ మామూలుగా యూటీసీ (గ్రీన్‌విచ్ సమయం) అనుకుంటుంది. తనిఖీ ప్రోగ్రాంకు విండోస్ కనబడితే ఈ విషయం చివర్లో ఒక వాక్యంగా చెప్పించండి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వడానికి సరైన సైజు పని.