టూర్ మొదటి రోజు అందరూ కలిసే తొక్కాలా, ఎవరి స్పీడ్ వాళ్లదేనా?

ఎదురుగాలి:
ఎనిమిది రోజుల సైకిల్ టూర్, పదకొండు మందిమి. మొదటి రోజు 112 కిలోమీటర్లు. గంటకు 20కి మించొద్దని ముందురోజు రాత్రే అనుకున్నాం. తెల్లారి పది కిలోమీటర్లు దాటకముందే నలుగురు 28లో లాగేశారు. మధ్యాహ్నానికి గుంపు మూడు ముక్కలైంది. మొదటి రోజైనా కలిసి తొక్కాలా వద్దా, మీరే చెప్పండి.

చక్రధారి:
ఆ నలుగురిలో నేనొకణ్ణి. 28 అబద్ధం అన్నా. నా మీటర్‌లో రోజు సగటు 22.4. కావాలంటే ఫొటో పెడతా.

ఎదురుగాలి:
ఆగిన టైమ్ కలిపా, తీసేసా?

చక్రధారి:
తీసేసే. అందరూ అలాగే చూస్తారు.

ఎదురుగాలి:
అందరూ అంటే ఎవరు? బ్రెవే అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. అందులో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. పంక్చరైనా, కునుకు తీసినా అన్నీ అందులోనే. ఆగిన టైమ్ తీసేసి లెక్క చెప్తే ఎవరూ ఒప్పుకోరు.

గ్రీజుచేతులు:
మీ సగటు సంగతేమో గానీ, కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్యాడెడ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకండి. నేను వేసుకున్నాను. రెండో రోజంతా నిలబడే తొక్కాను.

చక్రధారి:
ఇది బ్రెవే కాదు కదా అన్నా. అలవాటైన లయ వదిలేసి మరీ మెల్లగా తొక్కడం నాకూ కష్టమే. అయినా ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా ఉంటే మనకు తగిలే గాలి బాగా తగ్గుతుంది. మా వెనకే ఉండమని పిలిచాను. మీరే జారిపోయారు.

ఎదురుగాలి:
ఎంత దగ్గరగా? అలవాటు లేనివాళ్లు నలుగురున్నారు మాలో. ముందువాడి వెనక చక్రానికి మన ముందు చక్రం తగిలిందంటే పడేది మనమే. ఇంకో లెక్క చెప్తా విను. 20 నుంచి 28కి పోతే గాలిని చీల్చడానికే రెండున్నర రెట్లకు పైగా శక్తి కావాలి. మీరు నలుగురూ వంతులేసుకుని ఆ బరువు పంచుకున్నారు. వెనక మేం ఒక్కొక్కరం.

చక్రధారి:
మళ్లీ 28 అంటారేంటి! 22.4!

మైలురాయి:
బాబూ, ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

చక్రధారి:
లేదండీ, ఈ కలిసి తొక్కే నీతి నిరుడు ఏమైంది? నిరుడు టూర్‌లో మొదటి రోజు నేనే ఆఖరు. ఒక్కడైనా ఆగాడా? చీకటిపడి బసకు చేరేసరికి అందరూ తినేసి పడుకున్నారు. నా సామాను వరండాలో పెట్టి ఉంది. ఏడాదంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి తొక్కింది మళ్లీ ఆఖర్న రావడానికా?

ఎదురుగాలి:
అదా సంగతి. అయితే నేనూ చెప్తా. 74వ కిలోమీటర్ దగ్గర నా వెనక టైర్ పంక్చరైంది. ట్యూబ్ నా దగ్గరే ఉంది. పంపు నీ బ్యాగులో ఉంది. 'అందరూ మోయడం ఎందుకన్నా, ఒక్క పంపు చాలు' అన్నది నువ్వే. గంటా పది నిమిషాలు రోడ్డు పక్కన కూర్చున్నాను. నోటితో ఊదితే ట్యూబ్ కాస్త గుండ్రమైంది తప్ప చక్రం లేవలేదు. వెనకాల మైలురాయి గారు వచ్చి తన పంపు ఇస్తే కదిలాను. నీకు మూడుసార్లు ఫోన్ చేశా.

గ్రీజుచేతులు:
నోటితోనా?

మైలురాయి:
నా పంపు కూడా వాల్వ్ దగ్గర లీకే. ఏదో నెట్టుకొచ్చాం.

ఎదురుగాలి:
మిగతా ఏడు రోజులూ పక్కపక్కనే తిన్నాం. ఒక్క మాట అడిగావా?

చక్రధారి:
కాల్స్ చూశానన్నా.

ఎదురుగాలి:
ఎప్పుడు?

చక్రధారి:
మొదటిదే చూశాను. వెనక్కి తిరిగితే మళ్లీ నేనే ఆఖరవుతానని అనిపించింది. సాయంత్రం మీ చేతులకు గ్రీజు చూశాక అడగడానికి మొహం చెల్లలేదు.

నిదానం:
కొత్త మెంబర్‌ని. వచ్చే నెల మా టూర్. ఇంతకీ పంపు ఎవరు మోయాలి?

మైలురాయి:
ఎవరిది వాళ్లు. అందరికీ కలిపి ఒకటే ఉంటే అది ఆఖరివాడి దగ్గర ఉండాలి.

చక్రధారి:
అన్నా, పంపు ఆదివారం తెచ్చిస్తా.

ఎదురుగాలి:
అక్కర్లేదు, ఉంచుకో. నేను వేరేది కొన్నాను. అది సరే, ఆగిన టైమ్ కలిపితే నీ సగటు ఎంత?

చక్రధారి:
17.7.